తిండి ఆయ్తా?

అందరికీ నమస్కారం.

బెంగళూరు వచ్చిన కొత్తలో, ఓ రోజు పొద్దున్నే మా ఇంటి ఓనరమ్మ మెట్ల మీద ఎదురై "తిండి ఆయ్తా?" అంది. కాస్త గుచ్చుకుంది. మాది గుంటూరు వైపు. మా ఇళ్లల్లో పెద్దమనిషిని "భోంచేశారా" అంటారు గానీ, తిండి మాట ఎత్తితే అది తిట్టులోకే వెళ్తుంది. కన్నడంలో తిండి అంటే టిఫినని తర్వాత తెలిసింది. మధ్యాహ్నం అదే ఆవిడ "ఊట ఆయ్తా?" అంది, భోజనమైందా అని. నాకు తెలిసిన ఊట బావిలో ఉంటుంది!

ఆవిడ సంగతి సరే, మనలో మనకు కుదిరిందా? మా ఇంట్లో బువ్వ పసిపిల్లల మాట. తెలంగాణ పల్లెలో తాత కూడా బువ్వే తింటాడు. పొద్దుటిది అక్కడ నాష్తా, ఉర్దూ మాట. చేనుకు కట్టుకెళ్లేది సద్ది. మాకు చద్ది అంటే రాత్రి మిగిలిన అన్నం. పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో ఆరగించినవీ చల్దులే. టిఫిన్ దొరల మాట. వాళ్లకది మధ్యాహ్నపు తేలికపాటి భోజనం, మనమే పొద్దుటికి జరిపాం.

నన్నడిగితే మన దగ్గర పేరు పెట్టేది గడియారం కాదు, అన్నం. మా అమ్మమ్మ శనివారం రాత్రి రెండు పెసరట్లు, గిన్నెడు ఉప్మా తిని "ఇవాళ ఫలహారమే" అనేది. అందులో ఫలం ఏదీ? మెతుకు తగలలేదు కాబట్టి భోజనం కాదు, అంతే. సీమవాళ్ల సంగటి భోజనమే కదా అంటారేమో. రాగిపిండితోపాటు అందులో బియ్యమూ ఉడుకుతుంది, కాబట్టి నా వాదనకు ఢోకా లేదు.

ఢోకా వచ్చింది ఈ ఊళ్లోనే. ఇక్కడి దర్శినుల్లో, అంటే నిలబడి తినే చిన్న హోటళ్లలో, పొద్దున్నే చిత్రాన్నం, పుళియోగరె, వాంగీబాత్ పెడతారు. అన్నీ అన్నమే, అయినా తిండి కిందే లెక్క. బాత్ అంటే అన్నం, కానీ అన్నం లేని ఉప్మాకేమో ఖారాబాత్ అని పేరు. మా ఆవిడకూ ఇదే అలవాటైంది. మొన్న ఆదివారం ఎనిమిదింటికే పులిహోర కలిపి "టిఫిన్ రెడీ" అంది. ఊరి నుంచి వచ్చిన మా నాన్నగారు మారు మాట్లాడకుండా తిన్నారు. ఒంటిగంటకు విస్తరి వేయబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"పొద్దున్నే భోంచేశాను కదమ్మా. ఇప్పుడేదైనా టిఫిన్ ఉంటే పెట్టు."