"కొంచెం తగ్గించు" అంటే సరిపోదు

(దృశ్యం: ఆస్ట్రేలియాలో ఓ చిన్న ఊరి ఆరోగ్య కేంద్రం. ఆదివాసీ గర్భిణి, ఎదురుగా మిడ్‌వైఫ్, అంటే ప్రసూతి నర్సు.)

"సిగరెట్లు తాగుతావా?"
"రోజుకి ఓ పది."
"సరే, కొంచెం తగ్గించు."

మాట అక్కడితో అయిపోయింది.

ఆ మిడ్‌వైఫ్‌కి పట్టక కాదు. గట్టిగా చెబితే అమ్మాయి టెన్షన్ పడుతుందేమో, మళ్లీ చెకప్‌కే రాదేమోనని భయం. పైగా సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్ కడుపుతో ఉన్నవాళ్లకి ఇవ్వొచ్చా అన్న అనుమానం.

2020లో అక్కడి ఆదివాసీ తల్లుల్లో నూటికి 43 మంది గర్భంతో ఉండగా పొగ తాగారు. దేశం మొత్తం మీద చూస్తే నూటికి పదిమంది లోపే. ఈ తేడా వెనక చరిత్ర ఉంది. వలస పాలనలో ఆదివాసులకు పిండి, చక్కెర, టీపొడితో పాటు పొగాకునీ రేషన్‌గా ఇచ్చేవారు, కూలి బదులు కూడా. అలా అంటించిన అలవాటుకి ఈ అమ్మాయిని తప్పుపట్టడం అన్యాయం.

(దృశ్యం: ల్యాప్‌టాప్ ముందు ఆరోగ్య సిబ్బంది.)

అందుకే ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆదివాసీ సమాజాలతో కలిసి, "ఐ కెన్ క్విట్ ఇన్ ప్రెగ్నెన్సీ" పేరుతో ఆరోగ్య సిబ్బందికి వెబినార్ (ఆన్‌లైన్) శిక్షణ తయారుచేశారు. అందులో నేర్పేవి నాలుగు: పొగ తాగుతారా అని అడగాలి, క్లుప్తంగా సలహా చెప్పాలి, మానడానికి సాయం చేయాలి, ఇంటి పరిస్థితులు మాట్లాడాలి. చివరి రెండూ లేకపోతే మొదటి రెండూ దండగే అని నా నమ్మకం.

తగ్గిస్తే చాలనుకోవడం పొరపాటు. సంఖ్య తగ్గించినవాళ్లు తెలియకుండానే ఒక్కో దమ్మూ లోతుగా లాగుతారు. గర్భంలో శరీరం నికోటిన్‌ని మామూలు కంటే త్వరగా ఖర్చు చేసేస్తుంది, అందుకే యావ ఎక్కువ. మానడానికి ముందు నికోటిన్ గమ్, చప్పరించే నికోటిన్ బిళ్ల. చాలకపోతే చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్, రాత్రి తీసేయాలి. ఇవన్నీ డాక్టర్ సలహాతోనే. వీటిలో నికోటిన్ ఉంటుంది కానీ, సిగరెట్ పొగలో ఉండి బిడ్డకి అందే ఆక్సిజన్‌ని తగ్గించే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఉండదు.

(దృశ్యం: గమ్ దగ్గరగా.)

మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే కడుపులో వికారం, ఎక్కిళ్లు. నాలిక చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఈ చిన్న విషయం ఎవరూ చూపించకే చాలామంది "నాకు పడలేదు" అని మానేస్తారు.

(దృశ్యం: అదే గది. మిడ్‌వైఫ్ చేతిలో ఊదే మీటర్.)

"ఊపిరి బిగబట్టి, మెల్లగా ఊదు. ఈ అంకె నీ ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్. మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది. ఇంట్లో ఇంకెవరు తాగుతారు?"

"మా ఆయన, మా అత్త."

"వచ్చే వారం వాళ్లనీ తీసుకురా. ఈ గమ్ ఎలా నమలాలో ఇప్పుడే చూపిస్తా."