గిన్నె నేలమీదే ఉండనివ్వండి

నమస్కారం. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ లాంటి కుక్కల్ని పెంచేవాళ్లు భయపడాల్సిన జబ్బు, కడుపు ఉబ్బి మెలి పడటం. కడుపు గాలితో ఉబ్బడం ఒక ఎత్తు, ఉబ్బినది మెలి పడటం ఇంకో ఎత్తు. మెలి పడితే పైన అన్నవాహిక, కింద పేగు రెండూ మూసుకుంటాయి. గాలి పోయే దారి ఉండదు. ప్లీహం కూడా కడుపుతోపాటే తిరుగుతుంది. వెనకభాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర నలిగిపోయి కుక్క షాక్‌లోకి, అంటే ఒంటికి రక్తం చాలని ప్రాణాపాయ స్థితిలోకి వెళ్తుంది.

ఛాతీ లోతుగా, ఇరుకుగా ఉన్న జాతులకు ముప్పు ఎక్కువ. వయసుతో అది పెరుగుతుంది. తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో వచ్చి ఉంటే మరీ ఎక్కువ. కుక్కపిల్లను కొనేటప్పుడు జాతి పేపర్ల గురించి అడిగినంత గట్టిగా దీన్నీ అడగండి.

ఇక తిండి సంగతి. రోజంతా ఏమీ పెట్టకుండా రాత్రి ఒక్కసారే బేసిన్ నిండా చికెన్ అన్నం పెట్టే ఇళ్లున్నాయి. ఆ బరువు కడుపును సాగదీస్తుంది. అదే తిండిని రెండు మూడు పూటలకు పంచండి. ఆబగా మింగే కుక్కకు వెడల్పాటి పళ్లెంలో పరిచి పెట్టండి, పక్క కుక్కతో పోటీ లేకుండా చూడండి. గిన్నెకు స్టాండు కొనమని చాలామంది చెబుతారు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 2000లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం ఎత్తు గిన్నెలో తిన్నవాటికే ముప్పు ఎక్కువగా తేలింది. అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పవు గానీ, మెడనొప్పి లాంటి కారణం లేకపోతే నేలే మేలు. తిన్నాక పరుగెత్తించొద్దనే సలహాకు ఆధారం అంత గట్టిది కాదు. అయినా గంట విశ్రాంతి ఇస్తే పోయేదేమీ లేదు.

వాంతికి పదేపదే ప్రయత్నించినా నురగ తప్ప ఏమీ రాకపోవడం, జొల్లు, ఒక్కచోట పడుకోలేకపోవడం: ఇవి చాలు, బయల్దేరండి. లోతైన ఛాతీలో ఉబ్బు పక్కటెముకల చాటునే ఉండిపోవచ్చు, పొట్ట డప్పులా బిగిసేదాకా చూడొద్దు. వంటసోడా, ఈనో పట్టించొద్దు, గాలి ఇంకా పెరుగుతుంది. రాత్రివేళ ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.

అక్కడ ముందరి కాళ్లకు సెలైన్ ఎక్కిస్తారు. వెనక కాళ్లకు ఎక్కిస్తే నలిగిన సిర దాటి గుండెకు సరిగా చేరదు. గొట్టంతోనో, లావుపాటి సూదితోనో గాలి తీస్తారు. తర్వాత ఆపరేషన్‌లో మెలి విప్పి, కడుపును కుడివైపు పొట్ట గోడకు కుడతారు. ఆ కుట్టు వేయకపోతే మళ్లీ మెలి పడే అవకాశం చాలా ఎక్కువ. వేశాక ఉబ్బరం రావచ్చు గానీ మెలి పడటం అరుదు. ముప్పున్న జాతి ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తుంటే, అదే మత్తులో ఈ కుట్టూ వేస్తారేమో డాక్టరుగారిని ముందే అడగండి.