గ్రామ ప్రణాళికలో పెద్దల ఆరోగ్యానికి చోటెంత?

నిర్వాహకురాలు: నమస్కారం. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో వృద్ధుల ఆరోగ్యానికి దక్కుతున్న చోటు గురించి ఈ రోజు చర్చిద్దాం. 2011 జనగణన నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు పదిమందిలో ఒకరు అరవై దాటినవారు. డాక్టరు గారూ, ప్రణాళికలో మీరు ముందుగా ఏం చూస్తారు?

వైద్యురాలు: అందరూ ఆసుపత్రి గురించి అడుగుతారు గానీ, నేను మరుగుదొడ్డి గురించి అడుగుతాను. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చుని లేవలేనివారు, రాత్రిపూట లేవాల్సి వస్తుందన్న భయంతో సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గిస్తారు. దానికి బీపీ మాత్ర కూడా తోడైతే, మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. తుంటి ఎముక విరిగినవారిలో చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు. మా రికార్డులో అది ఎముక విరిగిన కేసు. తడి గచ్చు గురించీ, పట్టుకోవడానికి కడ్డీ లేని గోడ గురించీ అందులో ఎవరూ రాయరు.

మాజీ సర్పంచ్: నిజమేనండీ, కానీ నిధుల నిబంధనలు కూడా చెప్పుకోవాలి. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది. తక్కిన 40 శాతంలో నుంచి జీతాలు ఇవ్వడానికి వీలుండేది కాదు. ఊరికి ఫిజియోథెరపిస్టు కావాలని ప్రతిపాదించాను, అక్కడే ఆగిపోయింది.

వైద్యురాలు: మరుగుదొడ్డి పారిశుద్ధ్యం కిందికే వస్తుంది కదండీ! సామూహిక మరుగుదొడ్లలో ఒక్కదానికైనా కమోడు, గోడకు కడ్డీ పెట్టించవచ్చు.

నిర్వాహకురాలు: కేరళ పంచాయతీలు నర్సులను కూడా పెట్టుకున్నాయి. అది ఎలా సాధ్యపడింది?

వైద్యురాలు: ఆ రాష్ట్రం 2008లో పాలియేటివ్ సేవల, అంటే తీవ్ర జబ్బులతో ఉన్నవారి బాధను తగ్గించే సేవల, విధానం ప్రకటించింది, మంచానపడినవారి ఇళ్లకు నర్సును పంపే ఖర్చును స్థానిక సంస్థలు తమ ప్రణాళికలో చేర్చుకున్నాయి. అయితే మలప్పురం వంటి చోట్ల స్థానిక వాలంటీర్లు ఆ పనిని అంతకు ముందే మొదలుపెట్టారు. ఉత్తర్వు ఒక్కటే తెచ్చుకుంటే ఆ ఫలితం మనకు వస్తుందని నేను అనుకోను.

మాజీ సర్పంచ్: మన దగ్గర వేరే వెసులుబాటు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నెలనెలా ఒకటో తేదీన గ్రామ సచివాలయ సిబ్బంది ఇంటికి వెళ్లి పింఛను ఇస్తారు. ఏ గుమ్మంలో ఎవరు నడవలేరో వారికి తెలుసు. ఆ జాబితాను ఊళ్లో ఆరోగ్య సేవలు చూసే ఏఎన్ఎంకు ఇచ్చి, బీపీ, షుగర్ మాత్రలు కూడా ఇంటికే చేర్చవచ్చు.

వైద్యురాలు: ఇవ్వవచ్చు, కానీ ఇప్పటికే సర్వేలతో సతమతమవుతున్న ఏఎన్ఎం మీద ఇది మరో రిజిస్టరు కాకూడదు. లేవలేనివారు, ఒంటరిగా ఉన్నవారు, ఈ రెండు వర్గాల పేర్లు చాలు. మిగతావారు క్లినిక్‌కు రాగలరు, వారికి ఆ నడక మంచిది కూడా.

నిర్వాహకురాలు: సర్పంచ్ గారూ, మీ హయాంలో గ్రామసభకు వృద్ధులు వచ్చి ఈ విషయాలు అడిగేవారా?

మాజీ సర్పంచ్: అరుదుగా వచ్చేవారు. మేము సభ పెట్టేది మేడ మీద హాలులో, ఎండ నడినెత్తిన ఉన్న వేళ. మెట్లకు కడ్డీ లేదన్న సంగతి, నా మోకాలికి ఆపరేషన్ అయ్యాకే గమనించాను.