వేగంలో మొదటివాడు కాదు, యార్డుల్లో మొదటివాడు: జెర్రీ రైస్‌పై స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాస్‌లు అందుకుని సాధించిన యార్డుల రికార్డు జెర్రీ రైస్‌ది, 22,895. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జెరాల్డ్‌ 17,492 దగ్గర ఆగిపోయాడు. సీజన్‌కి వెయ్యి దాటితే రిసీవర్‌కి, అంటే పాస్ పట్టే ఆటగాడికి, మంచి ఏడాది అనుకునే ఆటలో ఈ తేడా ఐదేళ్ల పని. ఇంతకీ రైస్ తన కాలంలో అందరికంటే వేగంగా పరిగెత్తేవాడా? కోచ్ గారూ, మీతోనే మొదలుపెడదాం.

కోచ్: కాదండీ. 40 యార్డుల పరుగులో అతని టైమ్ మామూలుగానే ఉందని స్కౌట్లు వెనకాడారు. పైగా మిసిసిపీ వ్యాలీ స్టేట్ చిన్న కాలేజీ. 1984లో అక్కడ ఒక్క సీజన్‌లోనే గోల్‌లైన్ దాటి స్కోరు తెచ్చే టచ్‌డౌన్ పాస్‌లు 27 పట్టినా, ఎదురాడినవాళ్లు బలహీనులనే అనుమానం పోలేదు. 1985 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, అతనికంటే ముందు ఇద్దరు రిసీవర్లు వెళ్లిపోయారు: అల్ టూన్ 10వ పిక్‌లో, ఎడ్డీ బ్రౌన్ 13వ పిక్‌లో. శాన్‌ఫ్రాన్సిస్కో 49ర్స్ అప్పటికే చాంపియన్లు కాబట్టి వాళ్ల వంతు ఆఖర్న, 28వది. వాళ్ల కోచ్ బిల్ వాల్ష్ మొదటి మూడు రౌండ్ల పిక్‌లనూ న్యూ ఇంగ్లండ్‌కి ఇచ్చేసి, 16వ పిక్, దానితో ఇంకో మూడో రౌండ్ పిక్ తీసుకున్నాడు. ఆ 16వ పిక్‌తోనే రైస్‌ని ఎంచుకున్నాడు.

విశ్లేషకురాలు: తీసుకున్న మొదటి ఏడాది అభిమానులు సణిగారు కూడా. 49 క్యాచ్‌లు, 927 యార్డులు, 3 టచ్‌డౌన్లు. అంకెలు చెత్తగా ఏం లేవు, కానీ తేలిక బంతులు వదిలేశాడు. వాల్ష్ పద్ధతిలో రిసీవర్ పరిగెడుతూనే డిఫెన్స్‌ని చదివి రూట్, అంటే తను పరిగెత్తే దారి, మార్చుకోవాలి. కొత్త కుర్రాడి బుర్ర ఆ పనిలో ఉంటే చేతులు ఆలస్యమవుతాయి. డిసెంబర్‌లో రామ్స్ జట్టు మీద 10 క్యాచ్‌లు, 241 యార్డులు చేశాక గొణుగుడు ఆగింది. మరుసటి ఏడాది 1,570 యార్డులు.

యాంకర్: వేగం లేకపోతే ఖాళీ ఎక్కణ్ణుంచి వచ్చేది?

కోచ్: రూట్‌లోంచి. స్లాంట్ తీసుకుందాం, వాల్ష్ ఆటకి అదే రోజువారీ తిండి. కుడివైపు నిలబడ్డ రిసీవర్ మూడు అడుగులు నేరుగా వెళ్తాడు. మూడో అడుగుకి కుడికాలు గట్టిగా నాటి, ఐమూలగా లోపలికి కోస్తాడు. అదే సమయంలో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మూడు అడుగులు వెనక్కి వేసి బంతి వదిలేస్తాడు. రిసీవర్ తిరిగాక చూసి విసరడం కాదు, తిరగబోయే చోటికి విసరడం. రిసీవర్ ఒక్క యార్డు ముందో వెనకో కోస్తే బంతి వీపు వెనక్కి పోతుంది. చేతివేళ్లకి తగిలి గాల్లోకి లేస్తే అవతలివాడికి దొరుకుతుంది.

మామూలు రిసీవర్ ఎక్కడ దొరికిపోతాడంటే, కోసే ముందు రెండు చిట్టి అడుగులు వేస్తాడు, ఛాతీ పైకి లేస్తుంది. రిసీవర్‌కి కాపలా కాసే డిఫెండర్, కార్నర్‌బ్యాక్, చూసేది ఆ నడుమూ ఛాతీనే. రైస్ స్లాంట్‌కీ, లోతుకి వెళ్లి గోల్‌పోస్టుల వైపు తిరిగే పోస్ట్‌కీ, నేరుగా లోతుకి వెళ్లే గో రూట్‌కీ మొదటి అడుగులు ఒకేలా, ఒకే వేగంతో వేసేవాడు. లెగ్‌బ్రేక్ యాక్షన్‌తోనే గూగ్లీ వేసే బౌలర్‌ని ఆడటం లాంటిదే ఆ కార్నర్ పరిస్థితి.

విశ్లేషకురాలు: ఇక్కడ నాదో అభ్యంతరం. క్వార్టర్‌బ్యాక్‌లుగా జో మోంటానా, తర్వాత స్టీవ్ యంగ్, పైన వాల్ష్. ఇంత అమరిక ఇంకెవరికి దొరికింది? అందులో ఎవరున్నా బాగానే ఆడేవారన్న వాదన ఉత్తిదేం కాదు.

కోచ్: సగం ఒప్పుకుంటాను. ఎన్‌ఎఫ్‌ఎల్ 1978లో ఐదు యార్డులు దాటాక రిసీవర్‌ని తొయ్యకూడదని నిబంధన తెచ్చింది, అదీ కలిసొచ్చింది. కానీ ఆ నిబంధన అందరికీ ఉంది. 1987లో సమ్మె వల్ల రైస్ ఆడింది 12 మ్యాచ్‌లే, టచ్‌డౌన్ పాస్‌లు 22. ఇంకో రిసీవర్ ర్యాండీ మాస్ 2007లో దాన్ని దాటాడు, 23తో. అతనికి 16 మ్యాచ్‌లు పట్టింది.

విశ్లేషకురాలు: ఆ లెక్కకి నా దగ్గర జవాబు లేదు. ఇంకొకటి, యార్డుల్లో పెద్ద భాగం పట్టుకున్న తర్వాత పరిగెత్తినవి. ప్రాక్టీస్‌లో ఆరు యార్డుల పాస్ పట్టినా గోల్‌లైన్ దాకా పరిగెత్తేవాడు, తక్కినవాళ్లు నాలుగు అడుగులేసి బంతి వెనక్కి ఇచ్చేసేవాళ్లు. సీజన్ లేనప్పుడు శాన్ కార్లోస్ దగ్గర ఎడ్జ్‌వుడ్ పార్కులో రెండున్నర మైళ్ల కొండదారి పరుగు. నాలుగో క్వార్టర్‌లో అందరూ రొప్పుతుంటే ఆ కొండ పనికొచ్చేది.

యాంకర్: లీగ్ ఫైనల్, సూపర్ బౌల్ 23 సంగతి?

విశ్లేషకురాలు: 1989 జనవరి, సిన్సినాటితో. ఎదుటి జట్టులో ఎవరు? డ్రాఫ్ట్‌లో ఇతనికంటే ముందు వెళ్లిన ఎడ్డీ బ్రౌనే. రైస్‌కి ఆ వారం చీలమండ నొప్పి. అయినా 11 క్యాచ్‌లు, 215 యార్డులు. 16-13తో వెనకబడి, మూడు నిమిషాల చిల్లర మిగిలి, 92 యార్డులు వెళ్లాల్సిన చివరి డ్రైవ్‌లో (బంతి చేతిలో ఉన్న వరస దాడిలో) మూడు క్యాచ్‌లు అతనివే. పెనాల్టీ పడి 20 యార్డులు కావాల్సినప్పుడు 27 తెచ్చాడు. చివరి టచ్‌డౌన్ మాత్రం జాన్ టేలర్‌ది. ఆ ప్లేలో రైస్ అడ్డంగా కదిలి డిఫెన్స్ చూపుని తనవైపు లాగాడు, టేలర్ మధ్యలోంచి దూరాడు. స్కోరు పట్టికలో ఈ పని ఎక్కడా కనిపించదు.

యాంకర్: ఫిజియో గారూ, 1997 గాయం గురించి చెప్పండి. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది కదా?

ఫిజియో: ఆగస్టు 31న, టాంపా బేతో. ఎడమ మోకాలిలో ఏసీఎల్, ఎమ్‌సీఎల్ రెండు లిగమెంట్లూ, అంటే ఎముకల్ని కలిపి ఉంచే పట్టీలు, తెగాయి. ఈ రోజుల్లో ఇలాంటి ఆపరేషన్ తర్వాత ఆటకి తిరిగి రావాలంటే తొమ్మిది నెలలు ఆగమంటాం. రైస్ డిసెంబర్ 15న దిగాడు, అంటే మూడున్నర నెలలకే. డెన్వర్ మీద టచ్‌డౌన్ పట్టి కిందపడ్డప్పుడు మోకాలిచిప్ప పగిలింది.

అదే ఎందుకు పగిలిందని అడుగుతారు. తెగిన ఏసీఎల్‌ని కుట్టి అతికించరు, దాని చోట వేరే కణజాలం పెడతారు. ఎక్కువగా వాడే పద్ధతిలో మోకాలిచిప్ప కింది టెండన్‌లో మధ్య మూడోవంతు తీస్తారు, రెండు చివర్లా చిన్న ఎముక ముక్కలతో సహా. ఒక ముక్క చిప్పలోంచే వస్తుంది. ఆ గుంట ఎముకతో పూడేదాకా చిప్ప బలహీనంగా ఉంటుంది. తొడ కండరం బలం తిరిగొచ్చిందని పరీక్షలో తేలినా ఎముకకి దాని గడువు దానిదే. బయటికి కనిపించేది కండరం కాబట్టి ఆటగాడు దాన్నే నమ్ముతాడు.

యాంకర్: అయినా మళ్లీ ఆడాడు.

ఫిజియో: 1998లో 82 క్యాచ్‌లు, 1,157 యార్డులు. 2001లో ఓక్లాండ్ రెయిడర్స్‌కి మారి, 2002లో నలభై ఏళ్లు నిండిన సీజన్‌లో 92 క్యాచ్‌లు, 1,211 యార్డులు. ఆఖర్న సియాటిల్, 2005లో డెన్వర్ శిక్షణ శిబిరం, అక్కడ రిటైర్మెంట్. మొత్తం 303 మ్యాచ్‌లు.

యాంకర్: జిగురు వివాదం కూడా అడిగేస్తాను.

కోచ్: అడగాల్సిందే. చేతులకి జిగురు పూసుకోవడాన్ని లీగ్ 1981లోనే నిషేధించింది. గ్లవ్స్ మీద కొద్దిగా స్ప్రే చేసుకునేవాణ్ణని 2015లో రైసే చెప్పాడు. అది తప్పే, సమర్థించను. అయితే జిగురు బంతిని చేతిలో నిలుపుతుందే గానీ కార్నర్‌ని మూడు యార్డులు వెనక పడేయదు.

యాంకర్: టెక్సస్ నుంచి ఒక ప్రేక్షకురాలు అడుగుతున్నారు: వాళ్లబ్బాయి హైస్కూల్ జట్టులో రిసీవర్, తేలిక పాస్‌లు వదిలేస్తున్నాడట.

కోచ్: ముందు చేతులు చూడమ్మా. బంతి ఛాతీకి పైన వస్తే బొటనవేళ్లు దగ్గరగా, నడుము కింద వస్తే చిటికెనవేళ్లు దగ్గరగా. ఛాతీకి ఆనించి పట్టే అలవాటుంటే మాన్పించండి, ప్యాడ్‌కి కొట్టుకుని ఎగిరిపోతుంది. తేలిక పాస్ జారడానికి ఎక్కువసార్లు కారణం కళ్లు. బంతి చేతికి రాకముందే ఎటు పరిగెత్తాలా అని తల తిప్పేస్తాడు. బంతి మొన వేళ్లలోకి వచ్చి, చంకకింద ఇరుక్కునే దాకా చూపు దానిమీదే ఉండాలి. నిలబడి, పది అడుగుల దూరం నుంచి, నెమ్మదిగా విసిరించి మొదలుపెట్టండి. జారకుండా పట్టడం వచ్చాక పరుగు కలపండి. గ్లవ్స్ ఇప్పుడే వద్దు, ఉత్త చేతులతో పట్టనివ్వండి.