స్టిక్కీ నోట్ నుంచి టికెట్ దాకా: మిరో, జిరా కలిపి వాడటం ఎలా?

[తెర మీద: నోట్లతో నిండిన మిరో బోర్డు. ఒక మూల నుంచి మెల్లగా బోర్డు మొత్తం కనిపిస్తుంది.]

నమస్కారం అండి. ఈ బోర్డు చూడండి. ఇది మిరో, అంటే టీమ్ అంతా కలిసి నోట్లు అతికించుకునే ఆన్‌లైన్ వైట్‌బోర్డు. స్ప్రింట్, అంటే కొద్ది వారాల పని విడత, అయ్యాక జరిగింది వెనక్కి చూసుకోవడానికి పెట్టుకునే రెట్రో మీటింగ్ ఎలా ఉంటుందో చూపించడానికి తయారు చేసిన నమూనా ఇది. ఏం బాగా జరిగింది, ఏం ఇబ్బంది పెట్టింది, ఏం మార్చాలి అని మూడు గళ్లు. అందరూ తలా నాలుగు నోట్లు అతికించారు. అందులో ఒకటి దగ్గరగా చూద్దాం.

[తెర మీద: ఒక పసుపు నోటు. "ఓటీపీ లేటుగా వస్తోంది, కస్టమర్లు మధ్యలోనే వెళ్లిపోతున్నారు."]

దీనికి ఓట్లు బాగా పడ్డాయి. చేయాల్సిందే అని అందరూ అన్నారు, మీటింగ్ అయిపోయింది.

ఇప్పుడు ఈ పని ఎవరిది? నోటు మీద పేరు లేదు, గడువు లేదు. మర్నాడు స్టాండప్‌లో, అంటే రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్‌లో, లీడ్ తెరిచేది ఈ బోర్డు కాదు, టీమ్ పనులన్నీ నమోదయ్యే జిరా. ఒక్కో పనికి జిరాలో ఉండే నమోదునే టికెట్ అంటారు. టికెట్ లేని పని టీమ్ దృష్టిలో లేనట్టే. వచ్చే రెట్రోలో అదే నోటు మళ్లీ ప్రత్యక్షమవుతుంది, ఇంకొకరి చేతిరాతతో.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా టీమ్‌తో పనిచేసేవాళ్లకి ఇది ఇంకా బాగా తెలుసు. ఇద్దరికీ కుదిరే సమయం మనకి సాయంత్రమే. కాల్ అయ్యేసరికి రాత్రవుతుంది. "ఎంట్రీలు రేపు వేద్దాం" అనుకుంటారు. రేపు ఆ పని టీమ్‌లో అందరికంటే చిన్నవాళ్ల మీద పడుతుంది. నోట్లు ఒక్కొక్కటీ చదివి జిరాలో టైప్ చేయాలి. ఏ నోటు ఎవరు రాశారో, ఎందుకు రాశారో తెలియకుండా. అందుకే ఈ రెండు టూల్స్‌నీ కలపడం అవసరం అంటాను. టైమ్ ఆదా అవుతుంది, నిజమే. కానీ నాకు అంతకంటే ముఖ్యం, మాట అన్నవాళ్లు ఎదురుగా ఉండగానే అది పనిగా మారడం.

[తెర మీద: ఎడమ పక్క మిరో, కుడి పక్క జిరా.]

ఈ రెండూ పుట్టిందే వేరు అవసరాల కోసం. జిరాని ఆస్ట్రేలియా కంపెనీ అట్లాసియన్ 2002లో తెచ్చింది. మొదట్లో అది సాఫ్ట్‌వేర్‌లో బగ్స్ నమోదు చేసుకునే టూల్. ప్రతి టికెట్‌కీ ఒక నంబర్, ఒక స్టేటస్, ఒక బాధ్యుడు. మిరో 2011లో రియల్‌టైమ్‌బోర్డ్ పేరుతో మొదలైంది, 2019లో పేరు మార్చుకుంది. అక్కడ నంబర్లు లేవు, వరుస లేదు. ఎక్కడైనా రాయొచ్చు, బాణం గీయొచ్చు, పక్కకి నెట్టొచ్చు. ఆలోచించేటప్పుడు ఆ స్వేచ్ఛ కావాలి. పని పూర్తి చేసేటప్పుడు జిరా క్రమశిక్షణ కావాలి. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతే రెండూ చెడతాయి.

కలపడం లోపల ఎలా జరుగుతుందో చూద్దాం.

[తెర మీద: రెండు పెట్టెలు, మధ్యలో అటూ ఇటూ బాణాలు.]

ముందు మీ కంపెనీ జిరా అడ్మిన్, అట్లాసియన్ మార్కెట్‌ప్లేస్ నుంచి మిరో యాప్‌ని జిరాలో ఇన్‌స్టాల్ చేయాలి. ఇది మీరు మీ అంతట చేసుకునేది కాదు, కాబట్టి మీటింగ్ రోజు కాకుండా ముందే అడిగి పెట్టుకోండి. ఆ తర్వాత మిరోలో జిరా కార్డ్స్ తెరిస్తే, మీ జిరా లాగిన్‌తో అనుమతి ఇవ్వమంటుంది. ఇక్కడో విషయం గమనించండి. అనుమతి మీ పేరు మీద ఇస్తున్నారు. అంటే మీకు జిరాలో ఏ ప్రాజెక్టు కనిపిస్తుందో బోర్డులోనూ అదే వెతకగలరు, ఎక్కడ టికెట్ తెరిచే హక్కు ఉందో అక్కడే తెరవగలరు. బోర్డు మీకు కొత్త హక్కులేమీ ఇవ్వదు.

నోటుని టికెట్‌గా మార్చమన్నప్పుడు మిరో, జిరా ఏపీఐకి, అంటే వేరే ప్రోగ్రాములు జిరాతో మాట్లాడే దారికి, ఒక అభ్యర్థన పంపుతుంది. ఫలానా ప్రాజెక్టులో, ఫలానా రకం టికెట్, ఈ టైటిల్‌తో తెరువు అని. జిరా దానికో నంబర్ ఇస్తుంది. బోర్డు మీద నోటు ఉన్నచోట ఇప్పుడు ఆ నంబర్‌తో కార్డు వస్తుంది. తర్వాత జిరాలో ఎవరైనా స్టేటస్ మారిస్తే ఆ కబురు తిరిగి బోర్డుకి చేరుతుంది. ఇలా మార్పు జరగ్గానే తనంత తానే కబురు పంపే పద్ధతినే వెబ్‌హుక్ అంటారు.

[తెర మీద: ఓటీపీ నోటు మళ్లీ.]

ఇక ఓటీపీ నోటు సంగతి. దీన్ని ఉన్నదున్నట్టు టికెట్ చేయొద్దు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. బోర్డు మీదున్నవన్నీ సెలెక్ట్ చేసి ఒకేసారి మార్చేస్తారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మర్నాటికి బ్యాక్‌లాగ్, అంటే చేయాల్సిన పనుల జాబితా, నిండా "టెస్టింగ్ కష్టంగా ఉంది", "థాంక్యూ టీమ్" లాంటి టికెట్లు. వాటిని ఎవరు మూసేయాలి? ఎప్పుడు పూర్తయినట్టు? అభిప్రాయం వేరు, పని వేరు. అభిప్రాయాలు బోర్డు మీదే ఉండనివ్వండి, వాటికి అక్కడ గౌరవం ఉంది.

"ఓటీపీ లేటుగా వస్తోంది" అనేది ఒక గమనింపు. దాని పక్కన కొత్త నోటు పెట్టి, రాసినవాళ్లనే అడగండి: మొదట ఏం చేద్దాం? "ఓటీపీ అడిగినప్పటి నుంచి ఫోన్‌కి చేరేదాకా ఏ దశలో ఎంత టైమ్ పడుతోందో లాగ్ చేయాలి" అని తేలుతుంది. అదీ పని. దాన్ని సెలెక్ట్ చేసి జిరా కార్డుగా మార్చండి. ప్రాజెక్టు, టికెట్ రకం ఎంచుకోండి. కార్డు తెరిచి అక్కడికక్కడే ఒకరికి అసైన్ చేయండి, వాళ్లు కాల్‌లో ఉండగానే, "సరే, నేను చూస్తాను" అన్నాకే. పాత నోటు నుంచి కొత్త కార్డుకి ఒక గీత గీయండి. ఈ టికెట్ ఎందుకు పుట్టిందని మూడు నెలల తర్వాత ఎవరైనా అడిగితే, జవాబు ఆ గీతే.

జిరా టికెట్ డిస్క్రిప్షన్‌లో బోర్డు లింక్ కూడా పెట్టండి. ఇది ఎవరూ చేయమనరు. కానీ కొత్తగా టీమ్‌లో చేరినవాళ్లకి దీనంత సాయం ఇంకోటి లేదు.

మీ ప్రాజెక్టులో తప్పనిసరిగా నింపాల్సిన ఫీల్డులు ఎక్కువ పెట్టుకుని ఉంటే, టికెట్ తెరిచేటప్పుడు మీటింగ్ అక్కడ నత్తనడక నడుస్తుంది. రెట్రో నుంచి వచ్చే పనులకి తేలికైన టికెట్ రకం ఒకటి ఉంచమని అడ్మిన్‌ని అడగండి.

[తెర మీద: "చేయాలి, చేస్తున్నాం, అయింది" అని మూడు గళ్లు. కార్డు ఒక గడి నుంచి ఇంకో గడికి జరుగుతుంది. స్టేటస్ మారదు.]

ఇది చూశారా? బోర్డు మీద చేత్తో గీసుకున్న గళ్లలో కార్డుని "అయింది" లోకి లాగాను. జిరాలో స్టేటస్ అలాగే ఉంది. ఈ గళ్లు మనకి అర్థమవుతాయి, జిరాకి అవి ఉత్త గీతలు. స్టేటస్ మార్చాలంటే కార్డు తెరిచి మార్చాలి, అదీ మీ జిరా వర్క్‌ఫ్లో (ఏ స్టేటస్ తర్వాత ఏది అన్న వరుస) ఒప్పుకున్న దారిలోనే. అలాగే బోర్డు మీద కార్డు డిలీట్ చేస్తే జిరాలో టికెట్ పోదు. అది మంచిదే. కానీ "తీసేశాం కదా" అని నమ్మి వదిలేస్తే ఆ టికెట్ బ్యాక్‌లాగ్‌లో ఏళ్ల తరబడి పడి ఉంటుంది.

కాబట్టి టీమ్ అంతా కలిసి ఒక్క మాట మీద ఉండండి. స్టేటస్, గడువు, బాధ్యులు ఎవరు అన్న వాటికి జిరా చెప్పిందే ఖాయం. ఏది దేనికి సంబంధం, ఎందుకు అనుకున్నాం అన్నదానికి బోర్డు.

ఇంకో హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. జిరా కార్డు మీద కనిపించే వివరాలు బోర్డు చూసే వాళ్లందరికీ కనిపిస్తాయి, వాళ్లకి జిరా లాగిన్ లేకపోయినా. క్లయింట్‌ని అదే బోర్డుకి పిలిచారనుకోండి, సెక్యూరిటీ లోపం గురించి రాసుకున్న టికెట్ టైటిల్ వాళ్ల కళ్లబడుతుంది. బయటివాళ్లతో వర్క్‌షాప్ చేసేటప్పుడు బోర్డు వేరుగా పెట్టండి.

[తెర మీద: "జామ్‌బోర్డ్, 2024 డిసెంబర్ 31".]

బోర్డునే నమ్ముకుని నిర్ణయాలన్నీ అక్కడే దాచేవాళ్లకి గూగుల్ జామ్‌బోర్డ్ గుర్తుండే ఉంటుంది. 2024 అక్టోబర్ 1 నుంచి అందులో రాయడం కుదరలేదు, చూడటమే. ఆ ఏడాది చివరి రోజుతో మూతపడింది. టికెట్లుగా మారిన పనులకి దానివల్ల నష్టం లేదు.

మిరో కాకుండా ఫిగ్‌జామ్, మ్యూరల్ వాడినా, జిరా బదులు అసానా ఉన్నా పద్ధతి దాదాపు ఇదే, బటన్ల పేర్లు మారతాయి. అట్లాసియన్ వాళ్ల డాక్యుమెంట్ల టూల్ కాన్‌ఫ్లుయెన్స్‌లోనే వైట్‌బోర్డ్ ఉంది. మీ కంపెనీలో అది ఇప్పటికే ఉంటే ముందు దాన్నే ప్రయత్నించండి, ఇంకో అనుమతి కోసం తిరగక్కర్లేదు.

[తెర మీద: స్ప్రెడ్‌షీట్. మొదటి కాలమ్‌లో టైటిల్స్.]

యాప్ ఇన్‌స్టాల్ చేయడానికి అడ్మిన్ ఒప్పుకోలేదా? సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టిక) దారి ఉంది. పనులుగా తేలిన నోట్లు మాత్రమే బోర్డు నుంచి స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చుకుని, ఆ ఫైల్‌ని జిరాలోకి ఇంపోర్ట్ చేయొచ్చు. టైటిల్ కాలమ్ తప్పనిసరి. జిరాలో టైటిల్ 255 అక్షరాలు దాటకూడదు, మధ్యలో కొత్త లైన్ ఉండకూడదు. నోట్లలో ఎంటర్ కొట్టి రెండు లైన్లుగా రాయడం మనకి అలవాటు. అలాంటివి ముందే ఒక లైన్‌లోకి తెచ్చుకోండి, లేకపోతే ఆ వరుసల దగ్గర ఎర్రర్ వస్తుంది.

నోట్లు తెలుగులో రాసి ఉంటే ఇంకో జాగ్రత్త. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతాయి. "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అన్నది ఎంచుకోండి. గూగుల్ షీట్స్ నుంచి డౌన్‌లోడ్ చేస్తే ఆ బెడద లేదు. ముందు రెండు మూడు వరుసలే ఇంపోర్ట్ చేసి, జిరాలో తెరిచి చదివి చూసుకోండి. సరిగ్గా వచ్చాయనుకున్నాకే మిగతావి ఎక్కించండి, ఎందుకంటే తప్పుగా ఎక్కిన టికెట్లని వెతికి తీసేయడం అడ్మిన్‌కి పెద్ద పని.