సూట్‌కేస్‌లో పట్టే టెలిస్కోప్

శ్రోతలకు నమస్కారం.

ఉద్యోగానికో చదువుకో దేశం దాటి వెళ్లినవాళ్లకు, తెలిసినవాళ్లు ఎవరూ లేని రాత్రుల్లో చూపు ఆకాశం మీదికి పోతుంది. నాకూ అలాగే పోయింది. వెళ్లిన కొత్తలోనే ఒక దుకాణంలో టెలిస్కోప్ కొనేశాను. అట్టపెట్టె మీద శనిగ్రహం రంగుల ఫొటో, పక్కన '525 రెట్లు' అని పెద్ద అక్షరాలు. ఇంకేం కావాలి!

ఆ రాత్రి శనిని పట్టుకోవడానికి ముప్పావు గంట పట్టింది. తీరా దొరికాక, ఫోకస్ సరిచేద్దామని మర మీద వేలు పెట్టానో లేదో, శని ఉయ్యాల ఊగడం మొదలుపెట్టింది. ఊపు ఆగేసరికి గ్రహం అంచు దాటిపోయింది. మళ్లీ వెతుకులాట. తప్పు గొట్టానిది కాదు, దాని కింది పుల్లల్లాంటి కాళ్లది.

ఎన్ని రెట్లని అడక్కండి, వెలుగును పట్టే ప్రధాన అద్దం వ్యాసం ఎంతో అడగండి. వ్యాసంలో ఒక్కో మిల్లీమీటరుకు రెండు రెట్ల దాకా బొమ్మ బాగుంటుంది. నాది 60 మిల్లీమీటర్లది, అంటే 120 రెట్లకు మించి లాగితే మిగిలేది మసకే. నిజానికి శని వలయాలు కనిపించడానికి 40 రెట్లు చాలు. వ్యాసం రెట్టింపైతే లోపలికి వచ్చే వెలుగు నాలుగింతలవుతుంది.

అయితే పెద్దదే కొందామా? ఇక్కడే పరదేశంలో ఉండేవాళ్ల లెక్క మారుతుంది. డాబ్సోనియన్ అంటే పెట్టెలాంటి స్టాండు మీద చేత్తో తిప్పుకునే అద్దాల టెలిస్కోప్. 200 మిల్లీమీటర్ల డాబ్సోనియన్ చూపించే ఆకాశం ముందు మరేదీ నిలవదు. కానీ దాని గొట్టం మీటరు పైనే ఉంటుంది, స్టాండుతో కలిపి బరువు 20 కిలోలు దాటుతుంది. అద్దె ఇల్లు మూడో అంతస్తులో ఉండి లిఫ్టు లేకపోతే వారానికోసారైనా కిందికి దింపుతారా? వీసా అయిపోయి దేశం మారాల్సి వస్తే దాన్నేం చేస్తారు? నన్నడిగితే మొదట 10x50 బైనాక్యులర్స్ (పది రెట్లు, 50 మిల్లీమీటర్ల అద్దాలు) కొనండి. చేతులు వణక్కుండా గోడకు ఆనుకుని చూస్తే గురుగ్రహం నాలుగు పెద్ద చంద్రులు, కృత్తికల గుంపు చక్కగా కనిపిస్తాయి. మోజు తగ్గకపోతే అప్పుడు 130 మిల్లీమీటర్ల బల్లమీది డాబ్సోనియన్. ప్రయాణంలో దాని అద్దాలు కాస్త పక్కకు జరుగుతాయి, స్క్రూలు తిప్పి సరిచేసుకోవడం నేర్చుకోవాలి. కన్ను ఆనించి చూసే కటకాలను ఐపీస్‌లంటారు, రెట్లను మార్చేవి అవే. మంచి ఐపీస్‌లకు మాత్రం ఖర్చుకు వెనకాడకండి. ఒకటింపావు అంగుళం సైజు ఎక్కడైనా ఒకటే, రేపు టెలిస్కోప్ మార్చినా అవి పనికొస్తాయి.

ఈక్వటోరియల్ మౌంట్, అంటే నక్షత్రాల కదలిక వెంటే టెలిస్కోప్‌ను తిప్పే స్టాండు, కొనేవాళ్లు మాత్రం మీరుండే చోటు అక్షాంశం చూసుకోండి. ఉత్తరార్ధగోళంలో ధ్రువ నక్షత్రం దిగంతానికి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉంటుందో దాదాపు అదే మీ అక్షాంశం. మౌంట్ ఇరుసును అటే గురిపెట్టాలి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉంటే కొన్ని మౌంట్లు అంత కిందికి వంగవు. సిడ్నీ లాంటి చోటైతే ధ్రువ నక్షత్రమే కనిపించదు. ఆకాశపు దక్షిణ ధ్రువం దగ్గరున్న సిగ్మా ఆక్టాంటిస్ అనే నక్షత్రం ఎంత మసకదంటే, నగర వెలుగుల్లో దాన్ని వెతకడం దండగ. లండన్‌లో ఉండేవాళ్లది ఇంకో కష్టం. మే చివరి నుంచి జూలై సగం దాటేదాకా రాత్రి పూర్తిగా చీకటే పడదు. ఆ రోజుల్లో చందమామ, గ్రహాలతో సరిపెట్టుకోవాలి.

టెలిస్కోప్‌ను తిప్పే మోటారు ఉంటే దాని అడాప్టర్ మీద '100–240 వోల్టులు' అని రాసుందో లేదో చూడండి. లేకపోతే దేశం మారగానే అది కాలిపోవచ్చు.

నా పాత గొట్టాన్ని పారేయలేదు. ఒక గట్టి కెమెరా ట్రైపాడ్ సంపాదించి, దాని మీద బిగించి, 35 రెట్ల ఐపీస్ పెట్టాను. మర తిప్పి వేలు తీశాను. శని ఒక్కసారి అదిరి ఆగిపోయింది. చిన్నదే, కానీ చుట్టూ వలయం స్పష్టంగా ఉంది.

నమస్కారం.