వీసా వస్తుంది సరే, దాని తర్వాతి వీసా ఏది?

[స్క్రీన్ మీద: బెంజ్ సర్కిల్ దగ్గర వరసగా కన్సల్టెన్సీ బోర్డులు]

విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీదుగా లబ్బీపేట దాకా ఒకసారి నడవండి. గుంటూరు వాళ్లయితే బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లు ఓ చుట్టు తిరగండి. బట్టల షాపులకి పోటీగా కనిపించేవి ఓవర్సీస్ కన్సల్టెన్సీ బోర్డులే. అమెరికా, యూకే, కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ... జెండాలన్నీ ఒకే ఫ్లెక్సీ మీద ఉంటాయి. లోపలికెళ్లిన తల్లిదండ్రులు అడిగే మొదటి మాట కూడా దాదాపు ఒకటే: "ఏ దేశానికైతే వీసా తొందరగా వస్తుందండీ?"

ఆ ప్రశ్నతోనే అసలు చిక్కు మొదలవుతుంది. అడగాల్సింది ఇది: "మా అబ్బాయి చదువైపోయాక అక్కడ ఏ వీసా మీద ఉంటాడు? అది ఎవరి చేతిలో ఉంటుంది?"

స్టూడెంట్ వీసా ఉద్యోగానికి ఇచ్చేది కాదు. చదువుకి ఒక వీసా, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి కొంత గడువు, ఆ తర్వాత వర్క్ వీసా. మూడింటికీ రూల్స్ వేరు, ఇచ్చే లెక్కలు వేరు. మీరు బ్యాంకులో పొలం కాగితాలు పెట్టి తెచ్చిన లోన్ తీరేది మూడోదాని మీద. కన్సల్టెన్సీ పని మాత్రం మొదటిదాంతోనే అయిపోతుంది. పిల్లాడు గన్నవరంలోనో శంషాబాద్‌లోనో ఫ్లైట్ ఎక్కగానే వాళ్ల ఫైల్ క్లోజ్.

వాళ్లని ఊరికే తిట్టడం లేదు. "ప్రాసెసింగ్ ఫ్రీ" అని బోర్డు పెట్టినవాళ్లు కరెంటు బిల్లు ఎలా కడతారు? చాలా యూనివర్సిటీలు ఒక్కో అడ్మిషన్‌కి కమిషన్ ఇస్తాయి. అందులో దాపరికమేమీ లేదు. కాకపోతే కమిషన్ ఇవ్వని యూనివర్సిటీ పేరు ఆ టేబుల్ మీదకి రావడం కష్టం. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల గురించి అడిగితే మాట నెమ్మదిగా ఏదో ప్రైవేట్ యూనివర్సిటీ వైపు తిరుగుతుందంటే కారణం ఇదే.

ఇక దేశాలవారీగా చూద్దాం. ముందు అమెరికా, ఎందుకంటే మన దగ్గర సగం టెన్షన్ అక్కడిదే.

[స్క్రీన్ మీద: ఎఫ్‌-1, ఓపీటీ, హెచ్‌-1బీ]

ఎఫ్‌-1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్తారు. యూనివర్సిటీ ఐ-20 అనే పత్రం ఇస్తుంది, మీరు సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు కడతారు, హైదరాబాద్ కాన్సులేట్‌లో రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూ ఉంటుంది. వీసా రాకపోయినా వీసా ఫీజు వెనక్కి రాదు. చదువుతున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. బయట రెస్టారెంట్‌లోనో గ్యాస్ స్టేషన్‌లోనో చేతికి డబ్బులు తీసుకుని చేస్తే స్టేటస్ పోతుంది. "అందరూ చేస్తున్నారు కదన్నా" అనే మాట ఇప్పటి పరిస్థితుల్లో పనికిరాదు.

చదువయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసుకునే అనుమతి, 12 నెలలు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కింద ఉంటే ఇంకో 24 నెలలు. కోర్సు పేరు చూసి స్టెమ్ అనుకోకండి. ఐ-20 మీద సీఐపీ కోడ్ అని ఒక నంబర్ ఉంటుంది, స్టెమ్ అవునో కాదో తేల్చేది అదే. ఒకే పేరున్న బిజినెస్ కోర్సు ఒక యూనివర్సిటీలో స్టెమ్ అవుతుంది, పక్క యూనివర్సిటీలో కాదు. రెండింటి మధ్య తేడా రెండేళ్ల ఉద్యోగం. అడ్మిషన్ డిపాజిట్ కట్టే ముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి ఆ కోడ్ అడగండి, చెప్తారు. ఇంకో లెక్క కూడా ఉంది. మొదటి ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు. స్టెమ్ పొడిగింపు వచ్చాక అన్నీ కలిపి 150 రోజులు.

ఆ తర్వాత హెచ్‌-1బీ, అంటే వర్క్ వీసా. ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి అదనంగా 20,000. దీనికి మీరు అప్లై చేయలేరు, కంపెనీయే చేయాలి, ఆపైన లాటరీ. 2026 నుంచి ఆ లాటరీ కూడా అందరికీ సమానం కాదు, జీతం లెవెల్ ఎక్కువున్నవాళ్లకి అవకాశం ఎక్కువ. కొత్తగా చదువు ముగించినవాళ్లు సాధారణంగా కింది లెవెల్లోనే ఉంటారు కాబట్టి దెబ్బ వాళ్లకే. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో చాలా గోల జరిగింది. అమెరికాలోనే ఉండి ఎఫ్‌-1 నుంచి హెచ్‌-1బీకి మారేవాళ్లకి అది వర్తించదని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ అక్టోబర్‌లో చెప్పింది. ఇక్కడి నుంచి నేరుగా కొత్త హెచ్‌-1బీ మీద వెళ్దామనుకునేవాళ్లకే ఆ దారి దాదాపు మూసుకుపోయింది.

అంటే అమెరికాలో రెండో మెట్టు పెద్దది, మూడో మెట్టు అదృష్టం మీద ఉంది. అప్పు ఎంతవరకు చేయాలన్నది ఈ మాట మనసులో పెట్టుకునే తేల్చుకోండి.

[స్క్రీన్ మీద: బ్యాంక్ స్టేట్‌మెంట్, ఒక లైను చుట్టూ ఎర్ర గీత]

యూకే దగ్గర కాస్త ఆగుదాం. ఇక్కడ వీసా పోయేది ఎక్కువగా బ్యాంక్ స్టేట్‌మెంట్ దగ్గరే.

లండన్ బయట చదివితే ఖర్చులకి నెలకి 1,171 పౌండ్లు, తొమ్మిది నెలలకి 10,539. లండన్‌లో అయితే నెలకి 1,529. ఇవి 2025 నవంబర్ 11 నుంచి ఉన్న లెక్కలు. దీనికి మొదటి ఏడాది ఫీజులో కట్టాల్సిన బాకీ కలపాలి. ఆ మొత్తం వరుసగా 28 రోజులు అకౌంట్‌లో ఉండాలి. ఉండాలంటే, ఒక్క రోజు కూడా తగ్గకూడదని.

ఒక ఉదాహరణ చెప్తాను. కావాల్సింది 20 లక్షలు అనుకోండి. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి అమ్మగా వచ్చింది, చిట్టీ పాడుకున్నది కలిపి నాన్నగారి అకౌంట్‌లో 20 లక్షల 30 వేలు పడింది. పంతొమ్మిదో రోజున ఎరువుల కొట్టువాడు ఫోన్ చేశాడు. నాన్నగారు 50 వేలు తీసి ఇచ్చి, రెండు రోజుల్లో మళ్లీ వేసేశారు. మన ఇంట్లో ఇది పెద్ద విషయం కాదు. స్టేట్‌మెంట్‌లో మాత్రం బ్యాలెన్స్ ఆ రెండు రోజులు 19 లక్షల 80 వేలే. అక్కడితో లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. ఇది గమనించకుండా అప్లై చేస్తే రిజెక్షనే, బాబు ఎంత తెలివైనవాడన్నది ఎవరూ చూడరు.

ఆ డబ్బు స్టూడెంట్ పేరు మీదైనా, తల్లిదండ్రుల పేరు మీదైనా ఉండాలి. పెదనాన్న, బాబాయి, మేనమామ అకౌంట్లు యూకేకి పనికిరావు. అమెరికాకి ఎవరైనా స్పాన్సర్ కావచ్చు, అక్కడ చెల్లింది కదా అని ఇక్కడా అదే ఫైల్ పెట్టేవాళ్లున్నారు. నాన్న అకౌంట్ అయితే బర్త్ సర్టిఫికెట్, సమ్మతి లెటర్ జతచేయాలి. అమరావతి దగ్గర ఎన్ని సెంట్ల స్థలం ఉన్నా, లాకర్‌లో ఎంత బంగారం ఉన్నా, సీఏ ఇచ్చిన నెట్‌వర్త్ సర్టిఫికెట్ ఎంత బరువున్నా ఈ లెక్కలో సున్నా. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ లెటర్‌కి మాత్రం 28 రోజుల గొడవ లేదు.

నెల రోజులకి "ఫండ్స్ చూపిస్తాం, ఇంత పర్సెంట్ ఇవ్వండి" అనేవాళ్ల జోలికి వెళ్లకండి. దొంగ స్టేట్‌మెంట్ అని తేలితే యూకే పదేళ్లు రానివ్వకపోవచ్చు. ఆ శిక్ష మీ పిల్లాడికే, డబ్బు తిప్పినవాడికి కాదు.

యూకేలో రెండో వీసా గ్రాడ్యుయేట్ రూట్. ఇన్నాళ్లూ రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి పద్దెనిమిది నెలలే. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలుగా ఏడాదికి కనీసం 41,700 పౌండ్ల జీతం కావాలి, కొత్తగా చదువు ముగించినవాళ్లకి 33,400. ఇంకా కొన్ని ఉద్యోగాలకి ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ ఉద్యోగం కూడా స్పాన్సర్ లైసెన్స్ (విదేశీయుల్ని పనిలో పెట్టుకునే అనుమతి) ఉన్న కంపెనీయే ఇవ్వాలి. పెళ్లయినవాళ్లకి ఇంకో మాట: 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ స్టూడెంట్లు భార్యనో భర్తనో డిపెండెంట్‌గా తీసుకెళ్లలేరు. "డిపెండెంట్ మీద వెళ్దాం, ఖర్చు అల్లుడిది" అని సంబంధాలు కుదుర్చుకున్న రోజులు పోయాయి.

జర్మనీ సంగతి వేరు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో కూడా ఇప్పుడు ఫీజు పెట్టారు. ముందు ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, ఫీజు 18,000 రూపాయలు. మన డిగ్రీ నిజమైనదేనని తేల్చే కాగితం ఇది, 2022 నవంబర్ నుంచి తప్పనిసరి. తర్వాత బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేయాలి. ఇది ఖర్చు కాదు, అక్కడికెళ్లాక నెలకి 992 చొప్పున మీకే తిరిగి వస్తుంది.

నాకు జర్మనీ నచ్చేది రెండో వీసా దగ్గర. చదువయ్యాక 18 నెలలు ఉద్యోగం వెతుక్కోవచ్చు, ఈలోపు ఏ పనైనా చేసుకోవచ్చు. చదివినదానికి తగ్గ ఉద్యోగం, తగిన జీతం ఉంటే బ్లూ కార్డ్ అనే వర్క్ పర్మిట్. లాటరీ లేదు. బ్లూ కార్డ్ మీద 21 నెలలు పనిచేసి, జర్మన్ భాషలో బీ1 స్థాయి ఉంటే శాశ్వత నివాసానికి అప్లై చేయొచ్చు, భాష తక్కువైతే 27 నెలలు. చిక్కల్లా ఆ భాషే. కోర్సు ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఉద్యోగం జర్మన్‌లో అడుగుతారు. ఇక్కడే మొదలుపెట్టనివాళ్లు అక్కడ థీసిస్ రాస్తూ, పార్ట్ టైం చేస్తూ నేర్చుకోవాలి. అదేమంత తేలిక కాదు. అక్కడికెళ్లి ఉద్యోగం వెతుక్కోవడానికి 2024 జూన్‌లో వచ్చిన ఆపర్చునిటీ కార్డ్‌ని "ఉద్యోగం లేకుండానే జర్మనీ" అని అమ్ముతున్నారు. ఏడాది గడువు, వారానికి 20 గంటల పని, ఖర్చులన్నీ మీవే. జర్మన్ రాని ఫ్రెషర్‌కి నేనైతే వద్దంటాను.

కెనడా, ఆస్ట్రేలియా త్వరగా చెప్పేస్తాను. కెనడాలో మన పిల్లలకి తొందరగా తేలే ఎస్‌డీఎస్ పద్ధతి 2024 నవంబర్‌లో ఎత్తేశారు, చూపించాల్సిన డబ్బు 22,895 కెనడా డాలర్లకి పెరిగింది, స్టడీ పర్మిట్ల మీద పరిమితి వచ్చింది. మాస్టర్స్ అయితే మూడేళ్ల వర్క్ పర్మిట్ ఇంకా మంచిదే. చిన్న కాలేజీ డిప్లొమాకి వెళ్లేవాళ్లు మాత్రం ఆ కోర్సుకి వర్క్ పర్మిట్ వస్తుందో లేదో ముందే చూసుకోవాలి. ఆస్ట్రేలియాలో వీసా ఫీజే 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, వెనక్కి రాదు.

[స్క్రీన్ మీద: ఈ-మైగ్రేట్ పోర్టల్]

చదువు కాదు, నేరుగా పనికే వెళ్తామనేవాళ్లకి. గల్ఫ్ అయితే ఏజెంటుకి కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్స్ ఉండాలి, ఆ నంబర్ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కొడితే తెలిసిపోతుంది. చట్టప్రకారం ఏజెంటు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, పైన జీఎస్‌టీ. అంతే. లక్షన్నర అడుగుతున్నాడంటే మిగతాది దేనికో అడగండి. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కింద వస్తుంది. వాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. దాన్ని తప్పించుకోవడానికే కొందరు విజిట్ వీసా అంటగట్టి "అక్కడికెళ్లాక మార్పిస్తాం" అంటారు. క్లియరెన్స్‌తో వెళ్తే పది లక్షల బీమా ఉంటుంది, విజిట్ మీద వెళ్తే ఏమీ లేదు.

రాష్ట్ర ప్రభుత్వానిదే ఓంక్యాప్ అనే కంపెనీ ఉంది, విదేశాల్లో ఉద్యోగాలకి మనవాళ్లని పంపుతుంది. నర్సింగ్ చదివిన అమ్మాయిలు ప్రైవేట్ ఏజెంటు దగ్గరికి వెళ్లే ముందు అక్కడ కనుక్కోవడం మేలు. యూకేలో కేర్ వర్కర్ ఉద్యోగానికి పంపుతామని ఇప్పటికీ ఎవరైనా డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. బయటి దేశాల నుంచి కేర్ వర్కర్లని తీసుకోవడం 2025 జూలై 22తో ఆపేశారు. నర్సులకి దారి ఇంకా ఉంది. లక్షలు పోసి స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ కొన్నవాళ్ల గతి కూడా వినండి: ఆ కంపెనీ లైసెన్స్ రద్దయితే మామూలుగా అరవై రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని చూసుకోవాలి, లేదా తిరిగి రావాలి. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి బలవంతంగా సైబర్ మోసాలు చేయిస్తారని 2024లో విశాఖ పోలీసుల కేసు తర్వాత మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటాను.

చివరగా, ఏ దేశమైనా తప్పని తలనొప్పి: పేరు.

[స్క్రీన్ మీద: పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ]

టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది. డిగ్రీలో ఒక్క ఇనీషియల్ ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరే ఉండదు. పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో పడేసి సర్‌నేమ్ ఖాళీ వదిలేస్తారు. అమ్మ పేరులో లక్ష్మి ఒక కాగితంలో కే ఎస్ హెచ్‌తో, ఇంకో కాగితంలో ఎక్స్‌తో. సర్‌నేమ్ లేని పాస్‌పోర్టుకి అమెరికా వీసా మీద మీ పేరంతా సర్‌నేమ్‌గా పడి, ముందు ఎఫ్ఎన్‌యూ అని వస్తుంది, మొదటి పేరు తెలియదని అర్థం. తర్వాత అక్కడ డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంకు కార్డు అన్నింట్లో అదే మీ పేరు. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుకి యూఏఈ 2022 నవంబర్ నుంచి విజిట్ వీసానే ఇవ్వడం లేదు.

టెన్త్ మెమోని ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపెట్టండి. పాస్‌పోర్టు రీఇష్యూకి మామూలు ఫీజు 1,500 రూపాయలు, ప్రాంతీయ కార్యాలయం విజయవాడలోనే ఉంది. ఇదంతా ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) స్లాట్ బుక్ చేయకముందే అయిపోవాలి. ఆ పరీక్ష రాసేది పాస్‌పోర్టు నంబర్ మీద, స్కోర్ కార్డు మీద పడేది అందులో ఉన్న పేరే.